వీలునామా రద్దు చేశారు, అయినా చెల్లలేదు: ఎందుకని?

బతికున్నంత కాలం, మతి సరిగ్గా ఉన్నంత వరకు రాసిన వీలునామాను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 62వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఇది. పిల్లలెవరూ అడ్డుపడలేరు. గొడవంతా రద్దు చేసిన తీరులోనే వస్తుంది. (ముస్లింలకు ఈ సెక్షన్లు వర్తించవు.)

సమస్య: "నా వీలునామా రద్దు చేస్తున్నాను" అని నాన్నగారు రాసి సంతకం పెట్టారు. ఆయన పోయాక ఆ కాగితం చెల్లదంటున్నారు.

కారణం: సాక్షులు లేరు. వీలునామా రాయడానికి ఏ పద్ధతో రద్దు పత్రానికీ అదే పద్ధతి అని 70వ సెక్షన్ చెబుతోంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

పరిష్కారం: ఇద్దరు సాక్షుల ఎదుట సంతకమో వేలిముద్రో వేయాలి. వాళ్లూ ఆయన కళ్లెదుటే సంతకాలు పెట్టాలి. ఆస్తి దక్కేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రేపు కోర్టులో కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాల్సి ఉంటుంది కాబట్టి వయసులో చిన్నవాళ్లైతే మేలు. పత్రంలో మాట సూటిగా ఉండాలి: "ఫలానా తేదీన విజయవాడ పటమట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 3వ పుస్తకంలో ఫలానా నంబరుగా రిజిస్టరైన నా వీలునామాను ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను." (3వ పుస్తకమంటే ఆ ఆఫీసులో వీలునామాలు నమోదు చేసే పుస్తకం.) తేదీ, నంబరు పాత కాగితం చూసి దించండి, గుర్తున్నట్టు రాయకండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా పాతది రిజిస్టరై ఉంటే రద్దు కూడా రిజిస్టర్ చేయించమనే చెబుతాను. పెద్దాయన మంచం మీద ఉంటే, ఇంటికొచ్చి రిజిస్టర్ చేయమని అర్జీ పెట్టుకోవచ్చు.

సమస్య: అసలు కాగితం చింపేశారు, చనిపోయాక నకలు బయటికొచ్చింది.

కారణం: రద్దు చేయాలన్న ఉద్దేశంతో చింపితే చట్టప్రకారం రద్దే. కానీ ఆ ఉద్దేశాన్ని రుజువు చేసేదెవరు? రిజిస్టరైన వీలునామా నకలును, రాసినవారు పోయాక ఎవరు అడిగినా ఇస్తారు.

పరిష్కారం: చింపినా సరే, రాతపూర్వకంగా కూడా రద్దు చేయండి. పెన్నుతో ఒక పేరు కొట్టేయడం అసలు పనికిరాదు. ఆ దిద్దుబాటు పక్కన సంతకం, సాక్షుల సంతకాలు లేకపోతే పాత పేరే నిలుస్తుంది.

సమస్య: రెండో వీలునామా రద్దు చేశాం, మొదటిది మళ్లీ అమల్లోకి రాలేదు.

కారణం: ఒకసారి రద్దయింది దానంతటది తిరిగి రాదు (73వ సెక్షన్).

పరిష్కారం: మళ్లీ కొత్తగా రాయించండి, "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అన్న వాక్యంతో. అది లేకపోతే, రెండు వీలునామాల్లో ఒకదానికొకటి అడ్డురాని భాగాలు రెండూ నిలబడి అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుతారు.

సమస్య: రద్దు చేద్దామని వెళ్తే కుదరదన్నారు.

కారణం: చాలాసార్లు అది వీలునామా కాదు, సెటిల్‌మెంట్ దస్తావేజు, అంటే బతికుండగానే ఆస్తి రాసిచ్చేసే పత్రం. ఆస్తి అప్పుడే చేతులు మారిపోయింది.

పరిష్కారం: ముందు దస్తావేజు పేరు చదవండి. పోషిస్తామన్న షరతుతో రాయించుకుని చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.