క్యారియర్ ఊగుతోందా, సైకిల్ పోయిందా? లక్షణాన్ని బట్టి కారణం, మరమ్మతు

పాతకాలం నల్ల సైకిల్‌కు క్యారియర్ సైకిల్‌తో పాటే వచ్చేది. దాని కాళ్లు వెనక చక్రం ఇరుసుకే నట్టుతో బిగిసి ఉండేవి, బరువు నేరుగా ఇరుసు మీదికి దిగేది. ఇప్పుడు ఎక్కువమంది కొంటున్న గేర్ సైకిళ్లకు క్యారియర్ విడిగా కొని బిగించుకోవాలి. దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచేవి సాధారణంగా నాలుగు బోల్టులు, ఒక్కోటి 5 మిల్లీమీటర్ల మందం. ఊగడం, శబ్దం, విరగడం లాంటి సమస్యలు చాలావరకు ఆ బోల్టుల దగ్గరే పుడతాయి. కొన్ని దొంగతనాలు కూడా అక్కడే మొదలవుతాయి. అందుకే రెండూ ఒకేచోట చెబుతున్నాను.

ఇంట్లో ఉంచుకోవాల్సిన సామాను: 4, 5 మిల్లీమీటర్ల ఎల్-కీలు, 8, 10 నంబర్ల పానాలు, కొన్ని వాషర్లు, పాత ట్యూబు ముక్క.

గతుకుల్లో వెనక గలగలమని శబ్దం

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి. సైకిల్‌కు స్టాండు వేసి, ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో క్యారియర్‌ను అటూ ఇటూ కదపండి. క్యారియర్ కదలకుండా శబ్దం మాత్రం వస్తుంటే అది పైన ఉండే స్ప్రింగ్ క్లిప్పుది. క్లిప్పు తగిలే చోట ట్యూబు ముక్క చుట్టేస్తే సరిపోతుంది.

క్యారియరే కదులుతుంటే బోల్టులు వదులయ్యాయి. మళ్లీ బిగిస్తే ఆగుతుంది, పది రోజులకు మళ్లీ మొదలవుతుంది. ఎందుకంటే అసలు కారణం బోల్టు బిగువు కాదు, దాని కింద ఏముందన్నది. చాలా సైకిళ్లలో మడ్‌గార్డు కడ్డీ, క్యారియర్ కాలు ఒకే రంధ్రాన్ని పంచుకుంటాయి. షాపులో హడావుడిగా బిగించేటప్పుడు మడ్‌గార్డు ప్లాస్టిక్ ముక్క ఫ్రేమ్‌కూ క్యారియర్‌కూ మధ్యలో ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్ నలిగే కొద్దీ బోల్టు వదులవుతూనే ఉంటుంది. మందంగా వేసిన పెయింటు కూడా ఇదే పని చేస్తుంది.

మొత్తం విప్పండి. క్యారియర్ కాలు ఫ్రేమ్‌కు ఆనాలి, మడ్‌గార్డు కడ్డీ దానికి బయటి వైపు రావాలి. బోల్టు తల కింద వాషరు తప్పనిసరి. బోల్టు మరల మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క వేయండి. ఎరుపు రంగుది వద్దు, అది వేస్తే తర్వాత విప్పడానికి వేడి చేయాల్సి వస్తుంది. నాలుగు బోల్టులనూ ముందు చేత్తోనే సగం వరకు తిప్పి, క్యారియర్ నేలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకుని, కింది రెండూ బిగించాక పైవి బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగించేసి రెండో పక్క రంధ్రం కుదరక లాగిపట్టి బిగిస్తే క్యారియర్ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, ఎక్కడో ఒకచోట పగులుతుంది. అల్యూమినియం ఫ్రేమ్ అయితే బలం చూపించకండి. 5 మిల్లీమీటర్ల బోల్టుకు 5, 6 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, అంటే చిన్న ఎల్-కీని మామూలుగా గట్టిగా తిప్పినంత. పొడవాటి పైపు తగిలించి తిప్పితే మర ఊడి చేతికొస్తుంది.

వారం తర్వాత ఒకసారి మళ్లీ చూడండి. ఆ తర్వాత పంక్చర్ వేయించినప్పుడల్లా చూస్తే చాలు.

బరువు పెడితే వెనక భాగం పక్కకు ఊగుతోంది

మీది సీటు గొట్టానికి మాత్రమే బిగించే ఒంటికాలి క్యారియర్ అయితే తప్పు మీది కాదు, దానిదే. సాధారణంగా అవి 9, 10 కిలోల కోసం చేసినవి. నీళ్ల క్యాను నిండితే నీళ్లే 20 కిలోలు. ఎంత బిగించినా బరువుకు గొట్టం చుట్టూ తిరిగిపోతుంది, గొట్టం మీద గీతలు పడతాయి. లంచ్ బాక్సు, వానకోటు వరకు వాడుకోండి. ఇంకా మోయాలంటే కింద రెండు కాళ్లున్న క్యారియర్ కొనక తప్పదు. ఫ్రేమ్‌కు రంధ్రాలు లేవని షాపువాళ్లు అంటే, గొట్టాన్ని చుట్టి పట్టే రబ్బరు పొదిగిన క్లాంపులు దొరుకుతాయి, ఓ మోస్తరు బరువుకు అవి నిలబడతాయి.

నాలుగు బోల్టుల క్యారియర్ కూడా ఊగుతుంటే బరువు ఎత్తులో ఉందని అర్థం. బియ్యాన్ని నిలువుగా పెట్టి కడితే ఊగుతుంది, అడ్డంగా పడుకోబెట్టి, సీటు వైపు జరిపి కడితే ఊగదు. తాడు కంటే పాత ట్యూబును పట్టీగా కోసి కట్టడం మేలు, జారదు. ఈ విషయంలో మన పాలవాళ్లను మించిన ఇంజినీర్లు లేరు. క్యాన్లు రెండు పక్కలా కిందికి వేలాడదీస్తారు, పైన ఏమీ పెట్టరు.

బరువు పరిమితి క్యారియర్ మీదే ముద్రించి ఉంటుంది, మంచివాటి మీద తరచూ 25 కిలోలు. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాకెట్ బియ్యం మీద జీఎస్టీ వేశాక మన దుకాణాల్లోకి 26 కిలోల బస్తా వచ్చింది. ఆ ఒక్క కిలోకు క్యారియర్ విరగదు గానీ, బస్తాతో పాటు నూనె డబ్బా, పైన పిల్లాడి స్కూల్ బ్యాగు పెడితే మాత్రం విరుగుతుంది. నిండు గ్యాస్ సిలిండర్ సంగతి చెప్పనక్కర్లేదు. లోపలి గ్యాసే 14.2 కిలోలు, ఇనుము దాదాపు అంతే.

బోల్టు తెగిపోయింది, లేదా రంధ్రంలో మర అరిగిపోయింది

బోల్టులు చాలావరకు బరువుకు తెగవు, వదులై తెగుతాయి. గట్టిగా పట్టి ఉన్నప్పుడు భారాన్ని మోసేది లోహాల మధ్య రాపిడి. వదులయ్యాక ప్రతి గతుకూ బోల్టును అడ్డంగా కోస్తుంది. డిస్క్ బ్రేకు అడ్డొస్తోందని మధ్యలో మూడు నాలుగు వాషర్లు వేసి క్యారియర్‌ను బయటికి జరిపినా ఇదే జరుగుతుంది. డిస్క్ బ్రేకు సైకిళ్ల కోసం కాళ్లు ఎడంగా చేసిన క్యారియర్లు విడిగా వస్తాయి, అవే కొనండి.

మర అరిగితే కొంచెం పొడవైన బోల్టు వేసి వెనక నైలాన్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండే ఇనుప నట్టు) బిగించవచ్చు. కానీ చైన్ వైపు జాగ్రత్త. బోల్టు కొన లోపలికి పొడుచుకొస్తే చిన్న పళ్ల చక్రానికో, చైనుకో రాసుకుంటుంది. బిగించాక అన్ని గేర్లూ మార్చి పెడల్ తిప్పి చూడండి. లోపల అంత చోటు లేకపోతే రంధ్రాన్ని 6 మిల్లీమీటర్లకు పెంచి కొత్త మర కోయించాలి.

ఇనుప క్యారియర్ విరిగితే వీధి చివర వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చు, నిశ్చింతగా ఏళ్లు నడుస్తుంది. అల్యూమినియం దాన్ని అతికించమని అడగకండి. వేడికి ఆ చుట్టుపక్కల లోహం బలం తగ్గి మళ్లీ అక్కడే విరుగుతుంది. ఫ్రేమే పగిలితే రోడ్డు పక్క మరమ్మతు అసలే వద్దు.

చిన్న చిన్నవి

పక్క బ్యాగుకు మడమ తగులుతుంటే బ్యాగు కొక్కేలను వెనక్కి జరపండి. జరిగే కొక్కేలు లేకపోతే మీ సైకిల్‌కు ఆ బ్యాగు పెద్దదన్నమాట. కట్టిన పట్టీ కొస వేలాడుతుంటే ముడేసి లోపలికి దోపండి, చక్రంలో పడితే సైకిల్ అక్కడికక్కడే ఆగిపోతుంది, మీరు ఆగరు. చున్నీ, చీర కొంగు విషయం కూడా అంతే. క్యారియర్ కింద చక్రానికి అడ్డంగా జాలీ గార్డు వేయించుకోండి.

వెనక చక్రం పుల్లలు, ముఖ్యంగా చైన్ వైపువి, వరసగా తెగుతుంటే తెగినదాన్ని ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. ఒకటి తెగితే దాని భారం పక్కవాటి మీద పడుతుంది. చక్రం మొత్తం బెండు తీయించి, పుల్లల బిగువు సమం చేయించాలి.

చిన్నపిల్లల్ని ఉత్త క్యారియర్ మీద కూర్చోబెట్టడం మన దగ్గర మామూలే. పాదం పుల్లల్లో ఇరుక్కుని చీలమండ చితికే ప్రమాదాలు కూడా అంతే మామూలు. సామాను కోసం చేసిన క్యారియర్ మనిషి కోసం చేసింది కాదు. కాళ్లు పెట్టుకునే చోటు, పక్క గార్డులు, బెల్టు ఉన్న పిల్లల సీటు బిగించండి, అదీ దాని బరువును క్యారియర్ మోయగలదని రాసి ఉంటేనే.

తాళం అక్కడే ఉంది, సైకిల్ లేదు

గొలుసు తెగలేదు, తాళం చెక్కు చెదరలేదు. గ్రిల్లుకు గొలుసు, గొలుసులో క్యారియర్ వేలాడుతున్నాయి, సైకిల్ మాయం. కారణం ఊహించే ఉంటారు. గొలుసును క్యారియర్ కడ్డీల్లోంచి దూర్చారు. దొంగకు కావాల్సింది 4 మిల్లీమీటర్ల ఎల్-కీ, రెండు మూడు నిమిషాలు. ముందు చక్రానికి మాత్రమే తాళం వేస్తే ఇంకా తేలిక. క్విక్ రిలీజ్ లివర్ ఒక్కసారి తిప్పితే చక్రం ఊడుతుంది, మిగతాది భుజాన వేసుకుపోవచ్చు.

గొలుసు ఎప్పుడూ ఫ్రేమ్ మూసి ఉన్న చోటు నుంచి వెళ్లాలి. అమెరికన్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ బాగా ప్రచారం చేసిన పద్ధతి ఒకటుంది. యూ-లాక్‌ను (యూ ఆకారపు ఉక్కు కడ్డీ తాళం) ఫ్రేమ్ వెనక త్రికోణం లోపల, అంటే సీటు కింది గొట్టానికీ వెనక ఇరుసుకూ మధ్య గొట్టాలు మూసిన చోట, వెనక చక్రం రిమ్ములోంచి దూర్చి స్తంభానికి వేయడం. ఫ్రేమ్ గొట్టాన్ని విడిగా చుట్టనవసరం లేదు, చక్రం ఆ త్రికోణంలోంచి బయటికి రాలేదు కాబట్టి ఫ్రేమూ చిక్కినట్టే. ఒకే తాళానికి ఖరీదైన వెనక చక్రం, ఫ్రేమ్ రెండూ దక్కుతాయి. క్యారియర్ కాళ్లు, పక్క బ్యాగు అడ్డొచ్చి చిన్న యూ-లాక్ అందకపోవచ్చు, కాబట్టి కొనేముందు సైకిల్‌ను షాపుకు తీసుకెళ్లి పెట్టి చూడండి.

దేనికి కడుతున్నారో కూడా చూడాలి. రైతుబజారు ముందు పొట్టి స్తంభానికి కడితే తాళంతో సహా పైకి లేపి తీసేయవచ్చు. నేలలో కాంక్రీటుతో పాతిన కమ్మీ, గోడలోకి దిగిన గ్రిల్లు మంచివి.

చక్రానికి తాళం వేసే ఉంది, అయినా పోయింది

వెనక చక్రానికి బిగించి ఉండే గుండ్రటి తాళం సైకిల్ తొక్కకుండా ఆపుతుందే కానీ ఎత్తుకుపోకుండా ఆపదు. సైకిల్ బరువు పదిహేను, ఇరవై కిలోలు. ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి ఒక్క మనిషి చాలు. పాలప్యాకెట్ కోసం రెండు నిమిషాలు ఆగినప్పుడు అది సరిపోతుంది. మెట్రో స్టేషన్ దగ్గర పొద్దున పెట్టి సాయంత్రం వచ్చేవాళ్లకు సరిపోదు.

తాళం కోసేశారు

సన్నటి కేబుల్ తాళం లోపల ఉండేది ఇనుప తీగల అల్లిక, పైన ప్లాస్టిక్ తొడుగు. లావుగా కనిపించేది ఎక్కువగా ఆ తొడుగే. మామూలు కట్టర్‌కు తెగుతుంది. నంబర్ తాళాల మీద నాకు నమ్మకం తక్కువ. చవకరకం వాటిని లాగిపట్టి అంకెలు ఒక్కోటీ తిప్పుతూ ఉంటే ఎక్కడ బిగుసుకుంటుందో చేతికి తెలిసిపోతుంది. గుండ్రటి గొట్టంలాంటి తాళంచెవి ఉన్నవీ వద్దు. 2004లో అమెరికాలో అలాంటి యూ-లాక్‌లు బాల్ పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని బయటపడి, కంపెనీ వాటిని మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

గట్టిపరిచిన ఉక్కు గొలుసు లేదా యూ-లాక్ కొనండి. గ్రైండర్ తెచ్చేవాడిని అవీ ఆపలేవు, కానీ బజారులో మిట్టమధ్యాహ్నం నిప్పురవ్వలు ఎగజిమ్మే ధైర్యం అందరికీ ఉండదు. గొలుసు నేలకు ఆనకూడదు. ఆనితే రాయి మీద పెట్టి కొట్టవచ్చు, కట్టర్ ఒక చెయ్యి నేలకు ఆనించి బలమంతా వాడవచ్చు.

సైకిల్ ఉంది, సీటు లేదు, క్యారియర్ లేదు

సీటు కింద ఉన్న లివర్ తీసేసి బోల్టు క్లాంపు వేయించండి, చవకే. క్యారియర్ బోల్టుల కోసం ఒక పాత చిట్కా ఉంది. పెడల్‌లో వాడే 5/32 అంగుళాల బేరింగ్ గుండు 4 మిల్లీమీటర్ల ఎల్-కీ రంధ్రంలో దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. పైన కరిగించిన కొవ్వొత్తి మైనం పోస్తే ఎల్-కీ లోపలికి దిగదు. మీరు విప్పాలంటే పిన్నుతో మైనం గీకి గుండు తీయాలి, అంతే. బ్యాగు, లైటు మాత్రం వెంట తీసుకెళ్లడమే మార్గం.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పోయిన సైకిళ్లది వేరే కథేం కాదు. వాచ్‌మన్ ఉన్నాడని తాళం వేయం. అక్కడా కమ్మీకి కట్టాల్సిందే, సీసీ కెమెరాకు కనపడేచోట.

పోయింది, ఇప్పుడేం చేయాలి

పోకముందే చేయాల్సింది ముందు చెబుతాను. సైకిల్‌ను తిరగేసి పెడల్ ఇరుసు కింద చూడండి, ఎక్కువ సైకిళ్లకు ఫ్రేమ్ నంబరు అక్కడ చెక్కి ఉంటుంది. కొన్నింటికి సీటు గొట్టం మీద ఉంటుంది. దాన్ని, మొత్తం సైకిల్‌ను ఫొటో తీసి, బిల్లుతో కలిపి మీ మెయిల్‌కే పంపుకోండి. క్యారియర్, లైట్లు, సీటు విడిగా కొంటే ఆ బిల్లులూ ఉంచండి. వాటికి ఒక చట్టపరమైన ఉపయోగం ఉంది.

2024 జులై 1 నుంచి దొంగతనం భారతీయ న్యాయ సంహిత 303(2) సెక్షన్ కిందికి వస్తుంది, మూడేళ్ల వరకు జైలు. అందులోనే ఒక మెలిక ఉంది. సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి శిక్ష పడుతున్న వ్యక్తి ఆ సొత్తో, దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవే. ఈ 5,000 లోపు కోవకు వచ్చేదాన్ని చట్టం నాన్-కాగ్నిజబుల్‌గా పెట్టింది, అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. పాత సైకిలే కదా, ఓ నాలుగు వేలు ఉంటుంది అని నోటిమాటగా చెప్పేసి రాకండి. బిల్లులు చూపించి, సైకిల్‌తో పాటు పోయిన ప్రతి వస్తువూ ఫిర్యాదులో రాయండి. లేనిది కలపొద్దు, ఉన్నది వదలొద్దు.

ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, మా పరిధి కాదు అనడానికి వీల్లేదు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నమోదైతే దాని నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. సీసీ కెమెరా రికార్డింగులు కొద్ది రోజులకే చెరిగిపోతాయి కాబట్టి పక్క దుకాణాల వాళ్లను అదే రోజు అడగండి.

సెకండ్ హ్యాండ్ అమ్మకాల సైట్లలో మీ సైకిల్ కనిపిస్తే ఒంటరిగా బేరానికి వెళ్లకండి, స్క్రీన్‌షాట్ పోలీసులకివ్వండి. దొరికిన సైకిల్ మామూలుగా కోర్టు అనుమతితో మీ చేతికొస్తుంది. అప్పుడు అది మీదేనని చూపించేవి ఫ్రేమ్ నంబరు ఫొటో, బిల్లు, ఎఫ్ఐఆర్ నకలు.