డైమండ్ బ్రేస్‌లెట్ కొనేటప్పుడు వీవీఎస్ కంటే ముందు చూడాల్సినవి

పోయినేడు మా వదిన కూతురి పెళ్లికని డైమండ్ బ్రేస్‌లెట్ కోసం విజయవాడలో నాలుగు షాపులు, హైదరాబాద్‌లో మూడు షాపులు తిరిగాం. ఎక్కడ కూర్చున్నా కూల్‌డ్రింక్ చేతిలో పెట్టి మొదట చెప్పే మాట ఒకటే, "మాది ఈఎఫ్ వీవీఎస్ అండి మేడం". వదిన తల ఊపేది, నేనూ ఊపేదాన్ని, ఇద్దరికీ ముక్క తెలీదు. ఇలా కాదని కొనడం ఓ నెల వాయిదా వేసి అడిగినవాళ్లనల్లా అడిగి, చదివి, నా పాత బ్రేస్‌లెట్ బిల్లు కూడా బయటకు తీసి మళ్లీ చూసుకున్నాక నాకు తేలిందేంటంటే, ఉంగరానికి చెప్పే లెక్కలన్నీ బ్రేస్‌లెట్‌కి పనికిరావు. ఉంగరంలో ఒక్క రాయి, దాని జాతకమంతా చూడాలి. బ్రేస్‌లెట్‌లో యాభయ్యో ఎనభయ్యో చిన్న రాళ్లు, పైగా అది రోజంతా టేబుల్‌కీ గోడకీ కారు డోర్‌కీ తగిలే చేతి మీద ఉంటుంది. కాబట్టి వీవీఎస్ (లోపల మచ్చలు దాదాపు లేని రాయికిచ్చే గ్రేడ్) కోసం పోసే డబ్బు కంటే రాళ్లన్నీ ఒకేలా ఉన్నాయా, గట్టిగా కూర్చున్నాయా, లాక్ ఎలా ఉంది, బిల్లు కరెక్టా కాదా, ఇవి చూసుకోవడమే ముఖ్యం.

ముందు బరువు సంగతి. షాపులో చిన్న రాళ్లని క్యారెట్లలో చెప్పరు, సెంట్లలో చెప్తారు. మనకి పొలం లెక్క తెలుసు కదా, వంద సెంట్లు ఎకరం, ఇక్కడ వంద సెంట్లు ఒక క్యారెట్. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే ఐదు క్యారెట్ల వజ్రాలు కలిపితే ఒక్క గ్రాము. బంగారం 18 క్యారెట్, 22 క్యారెట్ అనేది స్వచ్ఛత, అది వేరే, ఈ రెండూ కలిపేసుకోకండి, మేం మొదటి రోజు కలిపేసుకున్నాం. ఇంకోటి, రేటు మాత్రం పొలానికి రివర్స్. పొలాన్ని ముక్కలు చేసి ప్లాట్లేస్తే రేటు పెరుగుద్ది, వజ్రంలో రాయి పెద్దదయ్యేకొద్దీ సెంటు రేటు పెరుగుద్ది. అందుకే రెండేసి సెంట్ల రాళ్లు యాభై కలిపి ఒక క్యారెట్ అయినా అది ఒక క్యారెట్ ఒంటిరాయి (సాలిటేర్) రేటుకి దరిదాపుల్లోకి కూడా రాదు. "టోటల్ రెండు క్యారెట్లు మేడం" అనగానే వెంటనే ఎన్ని రాళ్లు, ఒక్కోటి ఎన్ని సెంట్లు అని అడగండి.

టెన్నిస్ బ్రేస్‌లెట్ అంటే చుట్టూ ఒకే వరసలో రాళ్లు ఉండేది. ఏడు అంగుళాల పొడవు అనుకోండి, సుమారు 178 మిల్లీమీటర్లు. రెండు సెంట్ల గుండ్రాయి అడ్డంగా 1.7 మిల్లీమీటర్లు ఉంటుంది, మధ్యలో బంగారం కూడా కలుపుకుంటే ఎనభై అయిదు రాళ్ల దాకా పడతాయి, అంటే 1.7 క్యారెట్లు. అదే పది సెంట్ల రాళ్లైతే ఒక్కోటి 3 మిల్లీమీటర్లు, యాభై అయిదు చాలు కానీ మొత్తం అయిదున్నర క్యారెట్లు అవుద్ది. చూడ్డానికి తేడా మిల్లీమీటరు పైచిలుకే, బిల్లులో తేడా మాత్రం గుండె గుభేల్‌మంటుంది. మా బడ్జెట్‌కి మొదటిదే.

ఇప్పుడు ఆ అక్షరాల గొడవ. కలర్ డి నుంచి మొదలవుతుంది, ఏ బీ సీ లేవు. డి, ఈ, ఎఫ్ అంటే అస్సలు రంగు లేనట్టు, జీ, హెచ్ అంటే దాదాపు లేనట్టు, ఐ, జే కూడా దాదాపు లేనట్టే కానీ పక్కన తెల్ల రాయి పెడితే తెలుస్తుంది, అక్కణ్ణుంచి జెడ్ వైపు పోయేకొద్దీ పసుపు. క్లారిటీ అంటే రాయి లోపల ఉండే మచ్చలు, గీతలు. అది పది రెట్లు పెద్దగా చూపించే లూప్ కింద చూసి ఇస్తారు. వీవీఎస్ అంటే ఆ లూప్ కింద కూడా చెయ్యి తిరిగినవాడికి కష్టం మీద కనబడే మచ్చ. మరి 1.7 మిల్లీమీటర్ల రాయిలో, చేతి మీద, పెళ్లి హడావిడిలో అది ఎవరికి కనబడుద్ది చెప్పండి? నా అభిప్రాయం అడిగితే బ్రేస్‌లెట్‌కి వీఎస్ (వీవీఎస్ కింది మెట్టు) ధారాళంగా సరిపోద్ది. ఆ కింది మెట్టు ఎస్ఐ కూడా తీసుకోవచ్చు కానీ ఒక్కో రాయీ లూప్‌లో చూసుకోండి, నల్ల చుక్క నడిమధ్యలో ఉంటే వద్దనండి, ఎందుకంటే నల్ల చుక్క చిన్న రాయిలో కూడా దొరికిపోద్ది. కలర్ దగ్గర మాత్రం బంగారం రంగు చూసుకోవాలి. ఎల్లో గోల్డ్‌లో జీహెచ్ పెడితే ఆ పసుపు మెరుపులో ఎవరూ తేడా కనిపెట్టలేరు. వైట్ గోల్డ్ అయితే రంగు దాక్కోదు, వీలైతే ఒక మెట్టు పైకి వెళ్లండి.

కట్ గురించి షాపుల్లో తక్కువ మాట్లాడతారు, నిజానికి మెరుపంతా దాన్నుంచే. చిన్న రాళ్లలో ఫుల్ కట్ అని, సింగిల్ కట్ అని ఉంటాయి, ఫుల్ కట్‌కి 57 ముఖాలు, సింగిల్ కట్‌కి 17. ఏది పెట్టారో అడగండి. తర్వాత షాపులో లైట్లు, అవి గాజుముక్కనైనా తళతళలాడించే లైట్లు. నేనేం చేశానంటే "ఒక్కసారి గుమ్మం దాకా తీసుకెళ్తా" అన్నా, సేల్స్ అబ్బాయి, వెనకాల సెక్యూరిటీ ఆయన, ఇద్దరూ నాతోపాటే వచ్చారు, పెళ్లి ఊరేగింపులాగా. అక్కడ ఎండ తగలకుండా నీడలో ఓ తెల్ల కాగితం మీద బ్రేస్‌లెట్‌ని పక్కకి వాల్చి పెట్టి చూస్తే లాక్ దగ్గర మూడు రాళ్లు మిగతావాటి కంటే మబ్బుగా, కొంచెం టీ రంగులో ఉన్నాయి. అప్పటిదాకా అరగంట సేపు లోపల చూశాం, ఒక్కరికీ కనబడలా. "లైటింగ్ వల్ల మేడం" అన్నాడు అబ్బాయి. లైటింగ్ వల్లయితే మూడే ఎందుకు కనబడతాయి బాబూ. వరసలో ఒక్కటి తేడా ఉన్నా కన్ను దాని మీదకే పోద్ది, అందుకే అన్నీ జీ కలర్ అయినా పర్లేదు గానీ సగం ఈ, సగం జే కలిపిన వరస మాత్రం వద్దు.

మన అమ్మమ్మల కాలం నుంచీ క్లోజ్డ్ సెట్టింగ్ అలవాటు, రాయి వెనకాల రేకు పెట్టి మూసేస్తారు. కమ్మలకీ ముక్కుపుడకకీ అందంగానే ఉంటుంది, కానీ వెనక మూసేస్తే రాయి అసలు రంగు మీకు తెలీదు, నీళ్లు దూరితే రేకు నల్లబడి రాయి కూడా చచ్చిపోయినట్టు కనబడుద్ది. చేతికి రోజూ వేసుకునేదానికి ఓపెన్ సెట్టింగే మంచిది. ప్రెషర్ సెట్టింగ్ అని ఇంకోటి, చిన్న రాళ్లు కొన్ని ఒక్కచోట నొక్కి కూర్చోబెడితే దూరం నుంచి ఒకటే పెద్ద రాయిలా ఉంటుంది, మోసమేం కాదు, తెలిసి కొంటే బాగుంటుంది, కాకపోతే సాలిటేర్ అనుకుని కొనకండి.

ఒక షాపులో అయితే "గోల్కొండ క్వాలిటీ" అన్నాడు. కోహినూర్ పుట్టిందని చెప్పే కొల్లూరు గనుల చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది, తొలకరికి జొన్నగిరి, తుగ్గలి వైపు చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతూనే ఉంటారు, అదంతా నిజమే, నాకూ వినడానికి ఇష్టమే. కానీ షాపుల్లో అమ్మే ఈ చిన్న రాళ్లు దాదాపుగా బయటి దేశాల ముడి వజ్రం తెచ్చి సూరత్‌లో సాన పట్టినవి, గోల్కొండ పేరు చెప్పి ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వకండి.

సర్టిఫికెట్ అడిగితే కొన్ని చోట్ల వాళ్ల షాపు లోగోతో కార్డు ఇస్తారు, అది సర్టిఫికెట్ కాదు, విజిటింగ్ కార్డుకి అన్న. ఐజీఐ, ఎస్‌జీఎల్ లాంటి ల్యాబ్ రిపోర్ట్ అడగండి. ఇంత చిన్న రాళ్లకి ఒక్కోదానికి విడిగా రిపోర్ట్ రాదు, మొత్తం నగకి ఒకటే వస్తుంది, అందులో రాళ్లెన్ని, మొత్తం బరువెంత, కలర్, క్లారిటీ ఏ రేంజ్‌లో ఉన్నాయో ఉంటుంది. రాళ్లు బిగించేశాక చూస్తారు కాబట్టి అది అంచనానే. నంబర్‌ని ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూసి, రాళ్లు కూర్చుని లెక్కపెట్టండి, సిగ్గేం లేదు. అదే రిపోర్ట్‌లో నేచురలా ల్యాబ్ గ్రోనా అని కూడా చూడండి. ల్యాబ్‌లో చేసింది కూడా అసలు వజ్రమే, అదే కార్బన్, కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, షాపులో కుయ్ మని మోగే పెన్ను లాంటి టెస్టర్ కూడా చెప్పలేదు, ఆ పెన్నుల్లో చాలావాటికి మోయిసనైట్ (వజ్రంలా కనబడే వేరే రాయి) కూడా వజ్రమే. రేటు నేచురల్‌లో చిన్న వంతు, మళ్లీ అమ్మబోతే వచ్చేది కూడా చాలా తక్కువ. రోజూ ఆఫీసుకి పెట్టుకోవడానికైతే నేను ల్యాబ్‌దే కొంటా, కాకపోతే బిల్లు మీద ఆ మాట రాసి ఉండాలి, నేచురల్ రేటు కట్టి ల్యాబ్‌ది తెచ్చుకోకూడదు.

ఇక బిల్లు. నేను మోసపోయింది ఇక్కడే, చాలా ఏళ్ల కింద నా బ్రేస్‌లెట్ కొన్నప్పుడు. గ్రాస్ వెయిట్ 14.200 గ్రాములు, అందులో వజ్రాలు 1.80 క్యారెట్లు. 1.80ని 0.2తో గుణిస్తే 0.36 గ్రాములు, అది తీసేస్తే బంగారం 13.840. బిల్లులో మాత్రం 14.200కి బంగారం రేటు వేశారు, రాళ్లకి విడిగా మళ్లీ డబ్బు. గ్రాము 9,000 అనుకుంటే 3,240 రూపాయలు ఉత్తినే పోయినట్టు, దాని మీద తరుగు, దాని మీద 3 శాతం జీఎస్టీ. నాకిది తెలిసేసరికి ఏళ్లు గడిచాయి. కాబట్టి రాళ్లు తీసేసిన నెట్ వెయిట్ విడిగా రాయించండి. వజ్రాల నగ మామూలుగా 18 క్యారెట్ బంగారంలో చేస్తారు, అంటే 75 శాతం, రేటు 22 క్యారెట్‌ది వేస్తున్నారేమో చూడండి. హాల్‌మార్క్‌లో 18కె750 అని, పక్కన అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే నగ నంబర్ హెచ్‌యూఐడీ ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొడితే వివరాలు వచ్చేస్తాయి. రెండు లక్షలు దాటితే పాన్ కార్డ్ తీసుకెళ్లండి. ఎక్స్ఛేంజ్‌కి వజ్రానికి ఎంత శాతం, క్యాష్ కావాలంటే ఎంత శాతం, రెండూ వేరువేరుగా కాగితం మీద రాయించుకోండి, నోటిమాట కౌంటర్ దాటితే ఉండదు. గోల్డ్ లోన్‌కి పెట్టినా బ్యాంకువాళ్లు రాళ్ల బరువు తీసేసి బంగారానికే ఇస్తారు.

లాక్. టెన్నిస్ బ్రేస్‌లెట్‌కి ఆ పేరు ఎలా వచ్చిందంటే, టెన్నిస్ ప్లేయర్ క్రిస్ ఎవర్ట్ యూఎస్ ఓపెన్ ఆడుతుంటే ఆమె చేతి డైమండ్ బ్రేస్‌లెట్ కోర్టులో ఊడి పడిందని చెప్తారు. పేరే ఊడిపోవడం వల్ల వచ్చింది, ఇంక చూసుకోండి. బాక్స్ లాక్ టక్కుమని పడాలి, పక్కన ఎనిమిది అంకె ఆకారంలో సేఫ్టీ కొక్కెం ఉండాలి, పది సార్లు తీసి పెట్టండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే లోపల గలగలమంటే రాయి వదులుగా ఉన్నట్టు. చున్నీయో పట్టుచీర కొంగో దాని మీద లాగి చూడండి, దారం పట్టుకుందంటే రాయిని పట్టే కొమ్ములు పైకి లేచి ఉన్నాయి. నాకు ఈ చిట్కా ముందే తెలిసి ఉంటే మా బాబు స్కూల్ ఫంక్షన్‌లో రెండు సెంట్ల రాయి పోయేది కాదు, అరగంట కుర్చీల కింద వెతికాం, దొరికింది చమ్కీ. సైజుకి మణికట్టు చుట్టూ దారం కట్టి కొలిచి ఒక సెంటీమీటర్ పైన కలుపుకోండి, ఎండాకాలం చెయ్యి ఉబ్బుతుంది. బంగారు గాజుల మధ్యలో మాత్రం వేసుకోకండి, వజ్రం గాజుల్ని గీసిపారేస్తుంది.

చివరికి మేం తీసుకుంది ఎల్లో గోల్డ్‌లో జీహెచ్ వీఎస్, ఎనభై నాలుగు రాళ్లు. అమ్మాయి రోజూ పెట్టుకుంటోంది, ఆర్నెల్లకోసారి షాపుకి తీసుకెళ్లి కొమ్ములు బిగించుకొస్తోంది. ఇంట్లో కడగాలంటే గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, పిల్లల మెత్తటి బ్రష్, వెనక వైపు నుంచి తోమాలి, జిడ్డంతా అక్కడే ఉంటుంది. వాష్‌బేసిన్‌లో మాత్రం వద్దు, ఆ నీళ్లు పారబోసేముందు కూడా టీ వడగట్టే జల్లెడ అడ్డం పెట్టండి.