మొటిమల ముఖానికి వేప సబ్బు

ముందే చెప్పేస్తున్నా, ఈ సబ్బుతో మొటిమలు మాయం కావు. ముఖం మీద అర నిమిషం ఉండి నీళ్లతో పోయేదానికి అంత శక్తి ఎక్కడిది? అయితే కొన్ని సబ్బులు జిడ్డంతా లాగేసి, చర్మాన్ని మండించి, మొటిమల మందు రాసుకుంటే కూడా తట్టుకోలేని స్థితికి తెస్తాయి. మా పెద్దమ్మాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆ బాధ తప్పించడానికే నేను ఇది మొదలుపెట్టాను.

కావలసినవి: తవుడు నూనె 275 గ్రాములు, కొబ్బరి నూనె 125, ఆముదం 50, వేప నూనె 50, కాస్టిక్ సోడా (నూనెను సబ్బుగా మార్చే క్షారం) 68, నీళ్లు 150 గ్రాములు. నీళ్లతో సహా అన్నీ డిజిటల్ కాటా మీద తూచాల్సిందే. ఒక్కో నూనెకి పట్టే సోడా వేరు, కాబట్టి తవుడు నూనె లేదని ఇంకోటి పోసేయకండి. ఈ లెక్కలో నూనె సుమారు 5, 6 శాతం సబ్బుగా మారకుండా మిగులుతుంది. కడిగాక ముఖం బిగుసుకుపోకుండా ఉండేది దానివల్లే. కొబ్బరి నూనె నురుగిస్తుంది గానీ దాని మోతాదు పెంచితే చర్మం ఎండిపోతుంది.

వేప నూనె ఎరువుల కొట్లో తేకండి. 1500 పీపీఎం అనీ 10000 పీపీఎం అనీ రాసి ఉండేవి పురుగులకు కొట్టేవి, నీళ్లలో కలవడానికి వేరే రసాయనాలు కలుపుతారు. గానుగలో ఆడించిన నూనే కావాలి. వాసన ఘాటుగా ఉంటుంది, మా అమ్మాయి ముక్కు మూసుకునే రుద్దుకునేది. దాన్ని కప్పిపుచ్చడానికి సెంట్లు వేయకండి, మొటిమల చర్మం వాటికి మండే అవకాశం ఎక్కువ.

‘కాస్టిక్ సోడా లేని సహజ సబ్బు’ అనే మాటలు నమ్మొద్దు. క్షారం లేకుండా నూనె సబ్బు కాదు. లెక్క సరిగ్గా ఉంటే చివరికి సోడా మిగలదు, అంతే. కానీ చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త: చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి మొదలుపెట్టండి. స్టీలు గిన్నె వాడండి, అల్యూమినియం అసలు వద్దు. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. కలపగానే బాగా వేడెక్కి ఘాటైన ఆవిరి వస్తుంది, పీల్చకండి. ఒంటి మీద పడితే కొళాయి కింద చాలాసేపు కడగాలి. నిమ్మరసం, వెనిగర్ రాయొద్దు. కంట్లో పడితే అలాగే కడుగుతూ వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

సోడా నీళ్లు, నూనెలు రెండూ 40 డిగ్రీల దగ్గరికి చల్లారాక, నీళ్లని నూనెలో సన్నగా పోస్తూ కలపండి. హ్యాండ్ బ్లెండర్‌తో నిమిషాల్లో అయిపోతుంది, కవ్వంతో అయితే చేయి లాగేస్తుంది. పైనుంచి జారవిడిచిన ధార వెంటనే మునగకుండా గీతలా నిలిస్తే ఆపేయొచ్చు. ఇష్టమైతే అప్పుడు చెంచాడు ముల్తానీ మట్టి కలపండి. పసుపు వేస్తే మొదట ఎర్రబడుతుంది, పారాణికి సున్నం కలిపినప్పుడు జరిగేదే. కంగారు పడక్కర్లేదు. తులసి, వేపాకు ముద్దలు మాత్రం వద్దు, పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతాయి, పాడయ్యే భయమూ ఉంది.

ప్లాస్టిక్ డబ్బాలో బటర్ పేపర్ పరిచి పోసి, ఒకట్రెండు రోజుల తర్వాత గ్లౌజులతోనే ముక్కలు కోయండి. గాలి తగిలేచోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి. వానాకాలంలో ముక్కల మీద చెమట పట్టినట్టు తేమ చేరుతుంది, తుడిచేస్తే చాలు. పీహెచ్ పట్టీతో (క్షారం ఎంత ఉందో రంగు మారి చూపే కాగితం) చూస్తే 9, 10 మధ్య రావాలి. 11 దాటితే ముఖానికి వాడొద్దు. ముందు మోచేతి లోపల వాడి చూసి, మర్నాటికి దురద లేకపోతేనే ముఖానికి పెట్టండి.

రోజుకు రెండుసార్లు, పీచు లేకుండా చేత్తోనే రుద్దుకోవాలి. గడ్డల్లా లోతుగా నొప్పి పెట్టేవి, మచ్చలు పడేవి అయితే సబ్బులతో కాలక్షేపం చేయకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు మాత్రం ముట్టుకోవద్దు, వాటివల్లే కొత్త మొటిమలు వస్తాయి.