ప్రాణాయామం: వదిలే ఊపిరితో మొదలుపెట్టండి

ప్రాణాయామం నేర్చుకోవాలనుకునేవారిలో చాలామంది, పొట్టను లోపలికి లాగుతూ ముక్కుతో గాలిని చటుక్కున వదిలే కపాలభాతితో మొదలుపెడతారు. ఎంత వేగంగా, ఎంత గట్టిగా ఊపిరి కొడితే అంత శక్తి వస్తుందన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. నేను కూడా తొలి రోజుల్లో ఒక శిబిరంలో కూర్చుని, చెప్పినంత వేగంతో పది నిమిషాల పాటు ఆపకుండా చేశాను. వేళ్ల కొసలు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టయింది, లేవబోతే కళ్లు తిరిగి గోడ పట్టుకోవలసి వచ్చింది. అది శక్తి మేలుకొంటున్న సూచన అని అక్కడ చెప్పారు. అవసరానికి మించి గాలి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుందనీ, దానివల్ల మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుంటాయనీ, నాకు పట్టిన తిమ్మిరికీ తల తిరగడానికీ మూలం అదేననీ తరువాత తెలిసింది. అందుకే కొత్తవారు ఎవరడిగినా ముందు ఊపిరిని నెమ్మదిగా వదలడం నేర్చుకోమని చెబుతాను. మిగిలిన ప్రక్రియలన్నీ దాని మీదే నిలబడతాయి.

హఠయోగ గ్రంథమైన హఠయోగప్రదీపిక కూడా కపాలభాతిని కుంభక భేదాలలో, అంటే ఊపిరి బిగబట్టే ప్రాణాయామ రకాలలో, చేర్చలేదు. ధౌతి, బస్తి, నేతి, త్రాటకం, నౌలితో పాటు శరీరాన్ని శుద్ధి చేసే షట్కర్మలలో చెప్పింది. సింహాన్నీ ఏనుగునూ పులినీ మచ్చిక చేసుకున్నట్టు ప్రాణవాయువును మెల్లమెల్లగా వశం చేసుకోవాలనీ, తొందరపడితే అది సాధకుడినే దెబ్బతీస్తుందనీ ఆ గ్రంథమే హెచ్చరిస్తుంది.

సాధనకు తెల్లవారుజాము మంచిది. మన ఎండాకాలంలో అయితే సూర్యుడు పైకెక్కక ముందే ముగించుకోవడం మేలు. పరగడుపున చేయాలి, సాయంత్రం చేసేవారు భోజనం చేసి కనీసం మూడు గంటలు గడిచాక కూర్చోవాలి. గది కిటికీలు తెరిచి ఉంచండి, కానీ ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా చూసుకోండి. పద్మాసనం వేయలేకపోతున్నామని దిగులు పడనక్కరలేదు. చాప మీద బాసింపట్టు వేసుకుని, పిరుదుల కింద దుప్పటిని నాలుగు మడతలు వేసి పెట్టుకుంటే మోకాళ్లు కిందికి దిగి నడుము దానంతట అదే నిటారుగా నిలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలో కూర్చోవచ్చు, పాదాలు రెండూ నేలకు ఆనితే చాలు.

మొదటి వారం కూర్చోవలసిన పని కూడా లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చేయి ఛాతీ మీద, మరొక చేయి బొడ్డు మీద వేసుకోండి. నోరు మూసి ముక్కుతో గాలి పీలుస్తూ ఏ చేయి ముందు కదులుతోందో గమనించండి. చాలామందికి ఛాతీ మీది చేయి లేస్తుంది, భుజాలు కూడా కొద్దిగా పైకి వస్తాయి. ఊపిరితిత్తుల అడుగున గొడుగులా ఉండే విభాజక పటలం కిందికి దిగితేనే వాటి అడుగు భాగాలకు గాలి బాగా అందుతుంది. అది దిగినప్పుడు పొట్ట మెత్తగా పైకి లేస్తుంది, ఊపిరి వదిలినప్పుడు లోపలికి జారుతుంది. పొట్టను కండరాలతో ఉబ్బించకండి. ఊపిరిని పూర్తిగా వదిలి ఒక క్షణం ఆగితే, తరువాతి ఊపిరి దానంతట అదే పొట్టలోకి దిగడం మీ చేతికే తెలుస్తుంది. ఆ కదలిక చిక్కేదాకా రోజూ పది నిమిషాలు ఇదొక్కటే చేయండి. ఇది చిక్కకుండానే ముందుకు వెళ్లినవారు నెలల తరబడి సాధన చేసినా మెడ నొప్పి తప్ప మరేమీ మిగలలేదని చెప్పడం నేను విన్నాను.

రెండవ వారంలో కూర్చుని లెక్క మొదలుపెట్టాలి. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకోండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంకెకు ఒక సెకను చొప్పున వేసుకుంటే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు కనుక, ఇది అందులో సగమో అంతకంటే తక్కువో అన్నమాట. గాలి తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే ఈ తేడా కొందరికి స్పష్టంగా తెలుస్తుంది. రేచకం, అంటే ఊపిరి వదలడం, పొడవైతే గుండెకు ఆ విశ్రాంతి ఎక్కువసేపు దొరుకుతుంది. ఊపిరి సమంగా వస్తోందో లేదో తెలుసుకోవాలంటే అరచేతిలో చిన్న దూది పింజ పెట్టుకుని ముక్కుకు బెత్తెడు దూరంలో పట్టుకోండి. మొదట్లో అది ఎగిరి కింద పడుతుంది. సాధన కుదిరేకొద్దీ రేచకమంతా ఒకే తీరున సాగి, పింజ అంచులు మాత్రమే కదులుతాయి. ఆరు అంకెలు పూర్తికాక ముందే గాలి అయిపోతున్నా, తరువాతి ఊపిరిని ఆత్రంగా లాగవలసి వస్తున్నా లెక్క మీకు ఎక్కువైందని అర్థం; మూడు, నాలుగుకు దిగండి.

ఇది సుఖంగా సాగుతున్నప్పుడు నాడీశోధనకు వెళ్లవచ్చు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు అరచేతిలోకి మడవండి. బొటనవేలు కుడి ముక్కుకు, ఉంగరపు వేలు ఎడమ ముక్కుకు. ఇళ్లలో సంధ్యావందనం చేస్తూ ముక్కు పట్టుకోవడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ముక్కు ఎముక ముగిసి మెత్తని భాగం మొదలయ్యే చోట వేలిని ఆనించాలే గానీ నొక్కిపట్టకూడదు, ముక్కు పక్కకు వంగకూడదు. కుడి ముక్కు మూసి ఎడమ ముక్కుతో తీసుకోండి. ఎడమ మూసి కుడితో వదలండి. మళ్లీ కుడితోనే తీసుకుని ఎడమతో వదలండి. ఇది ఒక ఆవృత్తి. మొదట ఐదు ఆవృత్తులు చాలు, క్రమంగా పది, పదిహేను చేయవచ్చు. ఒక ముక్కులో గాలి తక్కువగా ఆడుతున్నట్టు అనిపిస్తే కంగారు పడకండి. చాలామందిలో కొన్ని గంటలకొకసారి ఒక ముక్కు లోపలి పొర కాస్త ఉబ్బి, రెండోది తెరుచుకుంటూ ఉంటుంది. ఎడమదాన్ని చంద్రనాడి, కుడిదాన్ని సూర్యనాడి అని పిలిచిన మన పెద్దలు ఈ మార్పును ఎప్పుడో గమనించారు.

కుంభకం గురించి అడగనివారు ఉండరు. పూరకానికి, అంటే గాలి తీసుకోవడానికి ఒకటి, కుంభకానికి నాలుగు, రేచకానికి రెండు పాళ్లు అన్న లెక్క సంప్రదాయంలో ఉన్న మాట నిజమే. అది గురువు ఎదుట, ఏళ్ల సాధన తరువాత పాటించవలసినది. ఇంట్లో సొంతంగా నేర్చుకునేవారు మొదటి మూడు నెలలు ఊపిరి బిగబట్టే ఆలోచనే పెట్టుకోవద్దని నా సలహా.

ఉదయం మందకొడిగా ఉండేవారికి కపాలభాతి చురుకుదనం ఇస్తుంది, దాన్ని పూర్తిగా వద్దనను. పొట్టను చటుక్కున లోపలికి లాగుతూ ముక్కుతో గాలి వదలాలి. తీసుకోవడం దానంతట అదే జరగాలి. సెకనుకు ఒకటి చొప్పున ఇరవై సార్లు చేసి, ఒక నిమిషం మామూలుగా ఊపిరి తీసుకుని, మళ్లీ ఇరవై చేయండి. మొదటి నెలలో ఇలా మూడు విడతలు మించవద్దు. అదుపులో లేని రక్తపోటు, గుండె జబ్బు, మూర్ఛ, హెర్నియా, కంటి నీటికాసులు ఉన్నవారు, పొట్టకు శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు కపాలభాతి, కొలిమితిత్తిలా వేగంగా గాలి తీసి వదిలే భస్త్రిక, కుంభకాల జోలికి వెళ్లకూడదు. ఆస్తమా ఉన్నవారు డాక్టరు చెప్పకుండా ఇన్‌హేలర్ మానవద్దు. ప్రాణాయామం మందుకు తోడుగా ఉంటుంది, దాని స్థానంలోకి రాదు.

రోహిణి కార్తె ఎండల్లో శీతలి హాయినిస్తుంది. నాలుకను గొట్టంలా చుట్టి, దాని గుండా గాలి పీల్చి, నోరు మూసి ముక్కుతో వదలాలి. అందరికీ నాలుక అలా చుట్టుకోదు. అటువంటివారు పళ్లు కలిపి, పెదవులు విప్పి, పళ్ల సందుల నుంచి గాలి తీసుకుంటే సరిపోతుంది, దాన్ని సీత్కారి అంటారు. ఈ రెండింటిలోనూ గాలి ముక్కులో వడకట్టబడదు కనుక దుమ్ము ఉన్న చోట, జలుబు రోజుల్లో, చలికాలంలో చేయకూడదు.

నిద్ర పట్టనివారికి నేను మొదట చెప్పేది భ్రామరి. చెవి రంధ్రం ముందు చిన్న తలుపులా ఉండే మెత్తని భాగాన్ని చూపుడువేళ్లతో మూసి, ముక్కుతో గాలి తీసుకుని, పెదవులు మూసి పళ్లు కలవకుండా ఉంచి, రేచకమంతా తుమ్మెదలా సన్నగా ఝుంకారం చేయండి. ఆ కంపనం పై దవడలో, ముక్కు పక్కల, నుదుటిలో తెలియాలి. గొంతులో మాత్రమే తెలిస్తే శబ్దాన్ని ఇంకొంచెం తగ్గించండి. ఝుంకారం చేసినప్పుడు సైనస్‌లలో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ మామూలు ఊపిరిలో కంటే అనేక రెట్లు ఎక్కువగా ముక్కులోకి వస్తుంది. ఏడు సార్లు చేశాక వేళ్లు తీసి, కళ్లు తెరవకుండా, దూరంగా వినిపించే శబ్దాలను ఒక నిమిషం వింటూ ఉండండి.

అన్నీ కలిపి రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ముగించాక ఐదు నిమిషాలు శవాసనంలో పడుకుని, అరగంట తరువాత ఏదైనా తినవచ్చు. ముక్కు దిబ్బడ వేసిన రోజు నాడీశోధన కోసం బలవంతాన గాలి లాగవద్దు. ఆవిరి పట్టుకుని, ముక్కు కొంచెం తెరుచుకున్నాక, మొదటి వారంలో చేసినట్టే వెల్లకిలా పడుకుని బొడ్డు మీద చేయి వేసుకుని పది నిమిషాలు ఊపిరిని గమనిస్తే ఆ రోజు సాధన అయినట్టే.