తాకకుండానే రైలింజన్ ఎత్తు కొలవాలంటే

మ్యూజియానికి తీసుకెళ్తే పిల్లలు ఇంజన్ ముందు సెల్ఫీ దిగి, బోర్డు మీది వివరాలు నోటుబుక్కులో ఎక్కించుకుని వచ్చేస్తారు. పోనీ కొలతలు తీయిద్దామంటే ఎక్కనివ్వరు, ముట్టుకోనివ్వరు.

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైల్ మ్యూజియంలో నాకు పనికొచ్చిన ఉపాయం ఇది. ఇంజన్ కింద ఉన్న పట్టాలనే స్కేలు చేసుకోవాలి. బ్రాడ్‌గేజ్ అయితే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య 1,676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజ్ అయితే 1,000. సరిగ్గా ఎదురుగా, వీలైతే పది పదిహేను మీటర్ల దూరం నుంచి, కొంచెం జూమ్ చేసి ఫొటో తీయండి. ప్రింట్ తీసి మామూలు స్కేలుతో కొలవండి. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 4 సెంటీమీటర్లు వస్తే, ఒక సెంటీమీటరు అంటే 419 మిల్లీమీటర్లు. పట్టా పైనుంచి పొగగొట్టం కొస దాకా 9.5 వచ్చిందనుకోండి, ఎత్తు దాదాపు 4 మీటర్లు. ఆరో తరగతి పిల్లలు కూడా నిష్పత్తి లెక్క గొణుక్కోకుండా చేసేస్తారు, మళ్లీ మళ్లీ ఇంకో ఇంజన్ కావాలంటారు!

ఒక్క జాగ్రత్త. పట్టాల వెడల్పు ఇంజన్ ముందు చక్రాల దగ్గరే కొలవాలి. కెమెరా వైపు వచ్చేకొద్దీ పట్టాలు దూరంగా జరిగినట్టు కనిపిస్తాయి, అక్కడ కొలిస్తే ఎత్తు తక్కువొస్తుంది. దగ్గర నుంచి తీసినా, పక్కకు వాలి తీసినా లెక్క తప్పుతుంది. అక్కడే ఉన్న పటియాలా మోనోరైలు దగ్గర మాత్రం ఈ పప్పులుడకవు, దానికి ఉన్నది ఒకటే పట్టా. ఇంకోటి, సోమవారం మ్యూజియానికి సెలవు.