స్టెప్నీ మీద ఫార్మ్ జాక్ ఎలా బిగించాలి

థార్, జిమ్నీ, గూర్ఖా... వెనక తలుపుకి స్టెప్నీ ఉన్న బండి చేతికొచ్చాక, ఆ టైరు మీద ఫార్మ్ జాక్ (పొడుగాటి ఇనుప బార్ మీద మెకానిజం పైకి ఎక్కుతూ బండిని లేపే జాక్) ఒకటి బిగించాలన్న కోరిక పుట్టని వాళ్లు తక్కువ. చూడ్డానికి అదిరిపోతుంది, కాదనను. బిగించడం కూడా బ్రహ్మవిద్యేం కాదు, తెలిసిన వెల్డింగ్ షాపు ఒకటి ఉంటే పూటలో అయిపోతుంది. కానీ కొలతలు చూసుకోకుండా బిగించారనుకోండి, ఆ బరువంతా తలుపు హింజ్‌ల మీద పడి, కొన్నాళ్లకి తలుపు కిందికి జారి, లాక్ సరిగ్గా పడక, గతుకు వచ్చిన ప్రతిసారీ లొడలొడమంటూ మీ ప్రాణం తీస్తుంది. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో సగం జాక్ గురించి కాదు, తలుపు గురించే.

ముందు ఒక మాట. మీ బండిలో ఆ జాక్ పెట్టి లేపే చోటు అసలుందా? ఫార్మ్ జాక్‌కి ఆనుకోడానికి గట్టి ఇనుము కావాలి. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ బంపర్ కింద పెట్టి లేపితే బండి లేవదు, బంపర్ ఊడి చేతికొస్తుంది. చాసిస్‌కి బోల్టు చేసిన స్టీల్ బంపర్ గానీ, పక్కల రాక్ స్లైడర్లు, అంటే తలుపుల కింద పొడుగునా వేసే గట్టి ఇనుప పైపులు గానీ ఉండాలి. లేకపోతే చక్రం స్పోకులకే కొక్కేలు తగిలించి లేపే అటాచ్‌మెంట్ కొనాలి. ఈ మూడింట్లో ఒక్కటీ లేనప్పుడు జాక్ బిగించుకోవడం అంటే 13 కిలోల అలంకారం మోసుకు తిరగడమే. ఆ డబ్బు ముందు స్లైడర్ల మీద పెట్టండి.

ఇక సైజు. ఈ రకం జాక్‌కి పేరు తెచ్చిన హై-లిఫ్ట్ కంపెనీ అమెరికాలోని ఇండియానా రాష్ట్రానిది, 1905 నుంచి దాదాపు ఇదే డిజైన్. 42, 48, 60 అంగుళాల్లో దొరుకుతాయి. మనవాళ్లు ఎక్కువగా కొనేది 48, అంటే 122 సెంటీమీటర్లు. ఇప్పుడు దీన్ని మీ టైరు పక్కన పెట్టి చూడండి. 18 అంగుళాల చక్రం ఉన్న థార్‌కి 255/65 టైరు, దాని ఎత్తు సుమారు 79 సెంటీమీటర్లు. జిమ్నీకి 195/80 ఆర్15, సుమారు 69. అంటే అడ్డంగా పెడితే థార్‌లో అటూ ఇటూ 21 సెంటీమీటర్ల చొప్పున, జిమ్నీలో 26 చొప్పున బార్ టైరు దాటి బయటికొస్తుంది. జిమ్నీ వాళ్లకి 42 చాలు అంటాను. బండి చిన్నది, తేలికది, ఎత్తు కోసం 60 కొనే పని అసలే లేదు.

అడ్డంగా పెట్టాలా, ఏటవాలుగా పెట్టాలా? ఫోటోల్లో అడ్డంగా ఉన్నదే బాగుంటుంది, కానీ తలుపు తెరిచేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. తలుపు పక్కకి తిరుగుతుంది కదా, అప్పుడు హింజ్ గీత దాటి బయటికి ఉన్న బార్ ముక్క లోపలికి తిరిగి సరాసరి టెయిల్ లైట్‌కో, బాడీ రేకుకో తగులుతుంది. అదే 45 డిగ్రీల వాలులో పెడితే 122 సెంటీమీటర్ల బార్ అడ్డంగా 86 మాత్రమే ఆక్రమిస్తుంది, 30 డిగ్రీలైతే 106. అలాగని పూర్తిగా నిలువుగా పెడితే వెనక అద్దం కనపడదు, పైకి లేచే అద్దం ఉన్న బండిలో అది లేవదు కూడా. కాబట్టి బ్రాకెట్ చేయించకముందే ఒక పని చేయండి. బార్ అంత పొడుగున్న పీవీసీ పైపు గానీ కర్ర గానీ తెచ్చి, టైరు మీద టేపుతో అంటించి, తలుపు పూర్తిగా తెరిచి మూయండి, లోపల డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దంలో చూడండి, రివర్స్ వేసి కెమెరాలో ఏం కనిపిస్తోందో చూడండి. నంబర్ ప్లేటు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు వెనక నుంచే కాదు, కాస్త పక్క నుంచి చూసినా కనపడాలి. ప్లేటు మూసుకుపోతే చలానా ఎలాగూ తప్పదు, రాత్రిపూట బ్రేక్ లైటు మూసుకుపోతే వెనకొచ్చే లారీ వాడికి మీరు ఆగినట్టే తెలియదు. జిమ్నీలో టెయిల్ లైట్లు కిందికి, బంపర్‌లోనే ఉంటాయి కాబట్టి ఈ గొడవ తక్కువ. థార్‌లో తలుపుకి రెండు పక్కలా నిలువుగా ఉంటాయి, అక్కడ జాగ్రత్త. విదేశాల్లో కొత్త జీప్ రాంగ్లర్ నడిపే మనవాళ్లకి ఇంకో చిక్కు. ఆ బండి రివర్స్ కెమెరా స్టెప్నీ నడిమధ్యలోనే ఉంటుంది, అందుకని కింద చెప్పబోయే సెంటర్ పైపు పద్ధతి వాళ్లకి పనికిరాదు.

ఒక చిన్న కిటుకు చాలామంది పట్టించుకోరు. జాక్ బరువు బార్ పొడుగునా సమానంగా ఉండదు. మెకానిజం, అంటే పిన్నులూ స్ప్రింగులూ ఉండే ఆ ఇనుప ముద్ద ఉన్న వైపు బరువెక్కువ. దాన్ని హింజ్‌ల వైపుకి జరిపి పెట్టండి. హింజ్‌కి ఎంత దూరంగా బరువుంటే తలుపు అంత కిందికి లాగుతుంది. ఆ ముద్దని హ్యాండిల్ వైపు పెట్టి తిరిగే బండ్లు రోడ్ల మీద బోలెడు కనిపిస్తాయి. ఉత్తపుణ్యానికి తలుపుని శిక్షించడం.

ఇప్పుడు బ్రాకెట్. రెడీమేడ్ దొరుకుతాయి, కానీ మీ చక్రానికీ మీ టైరుకీ సరిపోయేది దొరకడం అదృష్టం. చేయించుకుంటే చవక, పైగా కొలత మన చేతిలో ఉంటుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అయితే ప్లేటు కోయడం దగ్గర్నుంచి పెయింటు దాకా ఒకే వీధిలో అయిపోతుంది. హైదరాబాద్ వాళ్లకి నట్లు బోల్టులకి రాణిగంజ్ ఉండనే ఉంది.

పద్ధతి ఇది. స్టెప్నీ విప్పేయండి. వెనక తలుపుకున్న క్యారియర్ మీద స్టడ్స్, అంటే నట్లు బిగించే మరల కడ్డీలు కనిపిస్తాయి. మందపాటి అట్టముక్క తీసుకుని వాటి మీద గట్టిగా నొక్కితే అచ్చు పడుతుంది, ఆ అచ్చు ప్రకారం 6 ఎంఎం ఇనుప ప్లేటు కోయించండి. స్టడ్ ఎం12 (12 ఎంఎం వ్యాసం) అయితే రంధ్రం 13 ఎంఎం. ఈ ప్లేటు క్యారియర్‌కీ చక్రానికీ మధ్యలో కూర్చుంటుంది. చక్రం బయట, నట్ల కింద ప్లేటు పెట్టే డిజైన్లు కూడా ఉన్నాయి గానీ నాకు నచ్చవు. ఎందుకంటే అల్లాయ్ చక్రానికి వాడే టేపర్ నట్లు, అంటే కొస సన్నబడే నట్లు, చక్రంలోని ఏటవాలు గుంటలో కూర్చుంటేనే పట్టు. మధ్యలో చదును ప్లేటు వస్తే నట్టు అంచు మీద ఆని బిగిసినట్టు అనిపిస్తుంది, నాలుగు గతుకులకే వదులవుతుంది.

ప్లేటు లోపల పెట్టినా ఒక షరతుంది. 6 ఎంఎం మందం మింగేసింది కాబట్టి స్టడ్ పొడవు అంత తగ్గినట్టే. నట్టు కనీసం స్టడ్ వ్యాసమంత లోతు పట్టాలి, అంటే ఎం12కి 12 ఎంఎం. లెక్కపెట్టడం తేలిక. చక్రం పెట్టి నట్టుని చేత్తో తిప్పుతూ ఎన్ని చుట్లు పడుతున్నాయో చూడండి. పిచ్ (రెండు మరల మధ్య దూరం) 1.25 ఎంఎం అయితే పది చుట్లు, 1.5 పిచ్ అయితే ఎనిమిది. అంతకన్నా తక్కువ పడితే పొడుగు స్టడ్స్ వేయించండి. ఇక్కడ మాత్రం సర్దుకుపోవద్దు, ఎందుకంటే ఇది ఊడితే పోయేది జాక్ ఒక్కటే కాదు, చక్రంతో సహా వెళ్లి వెనక బైకు మీద వచ్చేవాడి ముందు పడుతుంది.

ఆ ప్లేటు నడిమధ్య నుంచి రెండంగుళాల పైపు ఒకటి చక్రం సెంటర్ రంధ్రంలోంచి బయటికి రావాలి, మూడు ఎంఎం మందానికి తగ్గకుండా. పైపు పొడుగు తెలియాలంటే చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, టైరు మీద అడ్డంగా ఒక అల్యూమినియం పట్టీ పెట్టి, ఆ పట్టీ నుంచి చక్రం వెనక ప్లేటు ఆనే ముఖం దాకా టేపుతో కొలవండి. దానికి ఇంకో అంగుళం కలపండి. ఆ అంగుళం దేనికంటే, బార్ టైరుకి ఒరుసుకుంటూ ఉంటే ప్రయాణం పొడుగునా సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, అరుగుతూనే ఉంటుంది, అవసరానికి టైరు తీసి చూస్తే గీతలు పడి ఉంటుంది. అలాగని నాలుగంగుళాలు వదలొద్దు. బరువు తలుపుకి ఎంత దూరం జరిగితే ప్లేటు మీదా హింజ్ మీదా అంత లాగుడు. వెల్డర్‌కి చెప్పేటప్పుడు "అన్నా, పైపు చుట్టూ ఫుల్ వెల్డింగ్, నాలుగు పక్కలా ముక్కోణం పట్టీలు కూడా వెయ్యి" అని ముందే చెప్పండి, లేకపోతే నాలుగు చుక్కలు పెట్టి పెయింటు కొట్టి ఇచ్చేస్తారు. పైపు కింది వైపు చిన్న రంధ్రం వేయించండి, వాన నీళ్లు లోపల నిలవకుండా.

పైపు బయటి కొసకి 40 ఎంఎం వెడల్పు, 6 ఎంఎం మందం ఉన్న ఇనుప పట్టీ ఒకటి, మీరు టేపుతో అంటించి చూసుకున్న వాలులో వెల్డింగ్ చేయించాలి. దాని మీద ఎనిమిది, పది అంగుళాల దూరంలో రెండు బోల్టులు. ఒకే బోల్టుతో ఆపేస్తే బార్ గడియారం ముల్లులా తిరుగుతుంది. జాక్ బార్‌కి పొడుగునా రంధ్రాలుంటాయి కాబట్టి ఆ రంధ్రాల కొలత పట్టుకెళ్లి, అందులో ఆట లేకుండా పట్టే 8.8 గ్రేడ్ (మామూలు వాటికన్నా గట్టి రకం) బోల్టులు తెచ్చుకోండి. వాటి తలలు పట్టీ వెనక వెల్డింగ్ చేయించేస్తే స్టడ్స్‌లా నిలబడతాయి, బార్ తగిలించి బయట నుంచి నట్టు బిగిస్తే సరి. రెడ్ ఆక్సైడ్ ఒక పూత, పైన ఎనామెల్ రెండు పూతలు.

నట్టు విషయంలో నా సలహా, చక్రం నట్లకి వాడే పానాతోనే ఇవి కూడా ఊడేలా అదే సైజు తల ఉన్న నట్లు వేయండి. నైలాక్, అంటే కుదుపులకి వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు అయితే మంచిది. పంక్చరైనప్పుడు స్టెప్నీ తీయాలంటే ముందు జాక్ తీయాలి కదా, చీకట్లో, వానలో, రెండో పానా కోసం డిక్కీ అంతా వెతుక్కుంటుంటే తల ప్రాణం తోకకొస్తుంది. రెక్కల నట్లు చేత్తో వస్తాయి గానీ కుదుపులకి వాటంతటవే కూడా వస్తాయి. దొంగల భయం ఉంటే ఒక చిన్న తాళం బార్ రంధ్రంలోంచి పట్టీకి వేసి, తాళానికి రబ్బరు ముక్క చుట్టండి.

బిగించే వరుస: ప్లేటు, చక్రం, చక్రం నట్లు అడ్డదిడ్డంగా, అంటే ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించాలి. తర్వాత పట్టీకీ బార్‌కీ మధ్య పాత ట్యూబు ముక్కలు పెట్టి జాక్ తగిలించండి. జాక్ ఎక్కాలో దిగాలో మార్చే రివర్స్ లివర్ పైకి ఉండాలి. అది కిందికి ఉంటే బరువు లేనప్పుడు మెకానిజం బార్ మీద జారుతుంది, వాలుగా పెట్టినప్పుడు మరీ. కింది పాదం ప్లేటు పిన్ను తీస్తే ఊడొస్తుంది, దాన్ని లోపల పెట్టుకుంటే సగం చప్పుడు అక్కడే పోతుంది. మిగతా సగం హ్యాండిల్‌ది. పాత ట్యూబులోంచి రెండంగుళాల వెడల్పు రింగులు కోసి హ్యాండిల్‌నీ బార్‌నీ కలిపి రెండు చోట్ల తొడిగేయండి.

ఇప్పుడు బార్ రెండు కొసలూ పట్టుకుని గట్టిగా ఊపండి. బండి మొత్తం ఊగితే బాగా కూర్చున్నట్టు. బార్ మాత్రమే ఊగితే నట్లో, వెల్డింగో చూడాలి. తలుపు జారుతోందో లేదో తెలియడానికి, జాక్ పెట్టకముందే తలుపుకీ బాడీకీ కలిపి ఒక మాస్కింగ్ టేపు అంటించి, మధ్యలో బ్లేడుతో కోసి, అడ్డంగా పెన్నుతో ఒక గీత గీసి పెట్టుకోండి. జాక్ పెట్టాక ఆ గీత రెండు ముక్కలూ ఎదురెదురుగా ఉన్నాయా? వంద కిలోమీటర్లు తిరిగాక? ఒకటి రెండు ఎంఎం తేడా వచ్చి ఆగిపోతే తలుపు రబ్బరు బుష్‌లు సర్దితే సరిపోతుంది. పెరుగుతూ పోతే మాత్రం జాక్ లోపలికి మార్చేయండి, లేదా బరువుని బంపర్ మీదే మోసే టైరు క్యారియర్ వేయించండి. పెద్ద టైర్లు వేసిన వాళ్లకి నేరుగా ఆ రెండోదే చెబుతాను, ఎందుకంటే అప్పటికే తలుపు మీద కంపెనీ అనుకున్న దానికన్నా ఎక్కువ బరువుంది. నట్లన్నీ మొదటి యాభై కిలోమీటర్లకి ఒకసారి, ఘాట్ రోడ్డో మట్టి దారో తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడాలి. అనంతగిరి కొండల్లాంటి వాలులో బండి ఆపినప్పుడు తలుపుని చేత్తో పట్టుకునే తెరవండి, ఇంత బరువున్నాక అది ఒక్కసారిగా విసురుగా తిరుగుతుంది.

చివరగా దుమ్ము. మట్టి దారిలో బండి వెళ్తుంటే గాలి వెనక సుడి తిరిగి దుమ్మంతా తలుపు మీదికే తెస్తుంది, అంటే మీ జాక్ ఉన్న చోటికే. పిన్నుల్లో అది పేరుకుంటే అవసరమైనప్పుడు జాక్ ఎక్కదు, ఎక్కితే దిగదు. మెకానిజానికి గ్రీజు మాత్రం పూయొద్దు, దుమ్ముతో కలిసి పేస్టులా మారుతుంది. పల్చటి నూనె గానీ డబ్ల్యూడీ-40 గానీ చాలు. నల్లరేగడిలో తిరిగొస్తే అది ఎండక ముందే నీళ్లు కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో పిన్నుల రంధ్రాలు గోకండి, ఎండిందా సిమెంటే. సూర్యలంక లాంటి సముద్రపు ఇసుకకి వెళ్లొస్తే మంచినీళ్లతో కడిగి, ఆరాక నూనె కొట్టాలి, లేకపోతే స్ప్రింగులు తుప్పు పడతాయి. మెకానిజం వరకు రెక్సిన్ తొడుగు ఒకటి కుట్టించుకుంటే ఈ పని సగం తగ్గుతుంది. ఆఫీసుకీ మార్కెట్‌కీ తిరిగే రోజుల్లో జాక్ తీసి ఇంట్లో పెట్టుకోండి, బ్రాకెట్ ఒక్కటే ఉంటే చాలు. ఊరు దాటే ముందు రాత్రి తగిలించి, మెకానిజాన్ని ఒకసారి పైకీ కిందికీ ఆడించి చూడండి.