ఉగాండా పల్లెకి పరిచర్యకు వెళ్ళే మన టీమ్ తీసుకోవాల్సిన జాగ్రత్తలు

జూలై టీమ్‌లో పేరు ఇచ్చినవాళ్ళలో సగం మందికి ఇదే మొదటి విమానం. పాస్‌పోర్టులు వచ్చాయి, ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి, పాటల ప్రాక్టీసు జరుగుతోంది. టీకాల సంగతి ఎత్తితే మాత్రం "ప్రభువు పని మీద వెళ్తున్నాం కదా అన్నా, ఆయనే చూసుకుంటాడు" అంటున్నారు. ఆయన చూసుకుంటాడని నేనూ నమ్ముతాను. 1805లో ఇదే విశాఖపట్నానికి సువార్త పని మీద వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ కూడా నమ్మే వచ్చారు. మన భాష నేర్చుకుని, బైబిల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు చనిపోయారు. ఇప్పుడు మనకున్న టీకాలూ మాత్రలూ వాళ్ళకు లేవు. మనకు ఉండి కూడా వాడకపోతే, మంచం పట్టిన మనల్ని చూసుకునే భారం ఆ పల్లె సంఘం మీద పడుతుంది.

ముందు ఎల్లో ఫీవర్ టీకా. ఇది దోమల వల్ల వచ్చే ప్రమాదకరమైన జ్వరం. ఉగాండాలో అడుగుపెట్టాలంటే ఈ టీకా సర్టిఫికెట్ ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలో కూడా అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. మనది ఓడరేవు ఊరు కాబట్టి పోర్టు హెల్త్ ఆఫీసు ఇక్కడే ఉంది, ముందు అక్కడ కనుక్కోండి. ఒక సీసా తెరిస్తే కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుకే చాలాచోట్ల ఫలానా రోజుల్లో మాత్రమే వేస్తారు. చివరి వారానికి వదిలేయకండి. అరవై దాటినవాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు ముందుగా డాక్టర్‌తో మాట్లాడాలి.

నాకు ఎక్కువ భయం మలేరియా గురించే. పాడేరు, చింతపల్లి వైపు కూడికలకు వెళ్ళొచ్చినవాళ్ళు "మాకు మన్యం జ్వరాలు అలవాటే" అంటారు. ఆ అలవాటు అక్కడ కాపాడదు. ఉగాండాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపరం రకం, ఆలస్యం చేస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఒకప్పుడు మనవాళ్ళు వేసుకున్న క్లోరోక్విన్ మీద ఆధారపడొద్దు. మలేరియా రాకుండా ముందుగా ఏ మాత్ర వేసుకోవాలో డాక్టరే చెప్పాలి. డాక్సీసైక్లిన్ రాస్తే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ దేశం వదిలాక కూడా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. మెఫ్లోక్విన్ అయితే వారానికి ఒకటి, కనీసం రెండు వారాల ముందు నుంచే, తిరిగొచ్చాక మరో నాలుగు వారాలు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంటికి రాగానే మాత్రలు ఆపేస్తారు.

మలేరియా దోమ కుట్టేది చీకటి పడే వేళ నుంచి తెల్లవారేదాకా. మన బహిరంగ కూడికలు జరిగేదీ అప్పుడే. ఐదున్నరకల్లా నిండు చేతుల చొక్కా, సాక్సులు వేసుకోండి, ఓడోమాస్ లాంటి క్రీము రాసుకోండి. చీరలు కట్టుకునే సిస్టర్స్ పాదాలు, నడుము దగ్గర రాసుకోవడం మర్చిపోవద్దు. దోమతెర ఎవరిది వాళ్ళే తీసుకెళ్ళాలి, అంచులు పరుపు కిందికి దోపాలి.

ఇక బాప్తిస్మాల సంగతి. ఇది ఎవరూ ఆలోచించరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. విక్టోరియా సరస్సు చూడగానే రుషికొండలో దిగినట్టు దిగాలనిపిస్తుంది. సముద్రం వేరు, ఆ సరస్సు వేరు. ఒడ్డు దగ్గర నత్తల్లో పెరిగే సన్నటి పురుగులు నీళ్ళలోకి వచ్చి, కంటికి కనబడకుండా చర్మంలోంచి ఒంట్లోకి దూరతాయి. వాటితో వచ్చే జబ్బును బిల్హార్జియా అంటారు. నిమిషాలు చాలు, తర్వాత తువ్వాలుతో తుడుచుకుంటే పోతుందనే నమ్మకం లేదు. నీళ్ళలో ఎక్కువసేపు నిలబడేది బాప్తిస్మం ఇచ్చే పాస్టరయ్యే. కాబట్టి అక్కడి సంఘంతో ముందే మాట్లాడి, బోరు నీళ్ళతో తొట్టి నింపుకుందాం. సరస్సు నీళ్ళే దిక్కయితే తొట్టిలో పోసి రెండు రోజులు నిలవ ఉంచితే ఆ పురుగులు చచ్చిపోతాయి. బాప్తిస్మం తీసుకునే అక్కడి తమ్ముళ్ళకీ అదే క్షేమం. ఇదివరకే ఎవరైనా దిగి ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష చేయించుకోండి, దీనికి మందు ఉంది.

తాగే నీళ్ళు తెర్లేదాకా కాచినవి లేదా సీలు తీయని సీసావి. ఆతిథ్యం ఇచ్చే ఇంట్లో వద్దంటే వాళ్ళు నొచ్చుకుంటారు, వేడివేడిగా పెట్టిన మటోకే (ఉడికించిన పచ్చి అరటికాయ ముద్ద), చిక్కుళ్ళు సంతోషంగా తినండి, పచ్చి కూరగాయల ముక్కలు మాత్రం వదిలేయండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు తలా పది. ఆవకాయ పెట్టుకుంటే చెకిన్ లగేజీలోనే, నూనె కారకుండా సీలు చేయించి. ప్లగ్గులు అక్కడ మూడు దీర్ఘచతురస్రపు పిన్నులవి, మనవి పట్టవు. ఎత్తైన ప్రాంతం కాబట్టి రాత్రుళ్ళు మన ఊరిలా ఉక్కపోయదు, ఒక స్వెటర్ పెట్టుకోండి. పాత డాలర్ నోట్లు, చిరిగినవి తీసుకోరు.

కుక్క కరిస్తే, గీరినా సరే, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే టీకాకు పరుగెత్తాలి.

పల్లెల్లో ఎవరైనా చనిపోతే మనల్ని ప్రార్థనకు పిలుస్తారు, వెళ్ళాలి. కానీ శవాన్ని ముట్టుకోవద్దు. 2022 సెప్టెంబరులోనూ 2025 జనవరిలోనూ అక్కడ ఎబోలా వచ్చింది, అది శవాల ద్వారా కూడా అంటుకుంటుంది. మనం వెళ్ళే సమయానికి ఎబోలా ఉందని వార్త వస్తే ప్రయాణం వాయిదా వేద్దాం, టికెట్ డబ్బులు పోతే పోనీ.

మన సిస్టర్స్‌లో నర్సులున్నారు. అక్కడి అధికారుల అనుమతి లేకుండా ఎవరికీ మాత్రలు పంచకూడదు, సూది వేయకూడదు. వీసా ఏ రకమో ఆహ్వానించే సంఘాన్ని అడిగి రాతపూర్వకంగా తీసుకుందాం. రాత్రి ప్రయాణం వద్దు, బోడా బోడా అనే అద్దె బైకులు అసలే వద్దు.

పిల్లల విషయంలో నేను కఠినంగా ఉంటాను. తల్లిదండ్రులను అడగకుండా ఫోటో తీయకూడదు, ఏ బిడ్డతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు. "నీ స్కూలు ఫీజు నేను కడతాను" అని కన్నీళ్ళతో మాట ఇచ్చి ఇంటికొచ్చాక ఫోన్ ఎత్తనివాళ్ళను చూశాను. ఆ బిడ్డ రోజూ ఎదురుచూస్తుంది. ఇవ్వాలనిపిస్తే అక్కడి సంఘం పెద్దల చేతికి, లెక్క రాసి ఇవ్వండి.

క్రితంసారి ఉగాండా నుంచి తిరిగొచ్చిన మూడో వారంలో మన టీమ్ బ్రదర్ ఒకాయనకు జ్వరం వచ్చింది. దగ్గర్లో చూపిస్తే వైరల్ అని మందులిచ్చి పంపారు. ఉగాండా వెళ్ళొచ్చానని ఆయన చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. మూడో రోజు మాట తడబడుతుంటే వాళ్ళావిడకు టెన్షన్ వచ్చి నాకు ఫోన్ చేసింది. రక్తపరీక్షలో ఫాల్సిపరం. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అందుకే ఈసారి ప్రతి ఒక్కరి పర్సులో ఒక కాగితం పెడుతున్నాం: "ఫలానా తేదీల్లో ఉగాండాలో ఉన్నాను, జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయండి" అని. తిరిగొచ్చాక ఏడాది పాటు దాన్ని పర్సులోంచి తీయకండి. ఇంట్లోవాళ్ళకు కూడా ఒక కాపీ ఇవ్వండి.